కళింగపట్నం బీచ్‌కి పిల్లలతో బయల్దేరే ముందు

శ్రీకాకుళం నుంచి ఆర్టీసీ బస్సులో చవగ్గా అయిపోయే షికారు ఇది. కానీ అక్కడే వంశధార సముద్రంలో కలుస్తుంది, ముందు చూసుకోవాల్సింది అదే. నది కలిసేచోట నీళ్లు పైకి నెమ్మదిగా కనిపించినా లోపల లాగేస్తాయి, పాదాల కింద ఇసుక జారిపోతుంది. పిల్లల్ని అటువైపు అసలు దింపకండి. ఇటు అలల్లో అయినా చీలమండల దాకా చాలు, చెయ్యి మాత్రం వదలొద్దు.

- తుఫాను హెచ్చరిక ఉంటే ప్రయాణం మానేయండి.
- పులిహోర, మంచినీళ్లు, టోపీలు, ఒక జత పొడి బట్టలు.
- తిరుగు బస్సు ఎప్పుడో దిగేటప్పుడే కండక్టర్ని అడగండి.

దగ్గర్లోని శాలిహుండం బౌద్ధ స్తూపాలు కూడా చూపించాలనుకుంటే పొద్దున్నే కొండెక్కండి, ఎండెక్కితే చిన్నపిల్లలు నడవలేరు. వందల ఏళ్ల నాటి ఇటుక కట్టడాలవి, వాటి మీదికి ఎక్కి ఆడనివ్వకండి.