రోహిణి కార్తె రాకముందే, ఫిట్స్ టాబ్లెట్లు వాడేవాళ్ల ఇంట్లో చూసుకోవాల్సినవి

మా తమ్ముడు గుంటూరులో ఉంటాడు, నేను విజయవాడ సత్యనారాయణపురంలో. వాడికి 11 ఏళ్ల నుంచి ఫిట్స్ టాబ్లెట్లు, ఎప్టోయిన్, అంటే ఫెనిటాయిన్. పోయినేడు వేసవిలో మా ఇంట్లో జరిగింది ఇంకో ఇంట్లో జరక్కూడదనే ఇదంతా రాస్తున్నా.

ఏప్రిల్లో చుట్టాల పెళ్లికెళ్లి ఆ హడావుడిలో మూడు పూటలు టాబ్లెట్ వేసుకోలేదు, తిరిగొచ్చాక ఫిట్స్ వచ్చింది. డాక్టర్ గారి దగ్గర కూర్చున్నప్పుడు ఆ మూడు పూటల సంగతి వాడూ చెప్పలేదు నేనూ చెప్పలేదు, తిడతారేమోనని భయం. ఆయనేమో రోజూ వేసుకుంటున్నా ఫిట్స్ వచ్చిందనుకుని 300 ఎంజి ఉన్నదాన్ని 400 చేశారు. ఇక వాడు భయంతో ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకున్నాడు. సరిగ్గా రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండల్లో, నడుస్తుంటే తూలడం, మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనబడటం మొదలయ్యాయి. మేమంతా వడదెబ్బే అనుకున్నాం, మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, అరికాళ్లకి ఉల్లిపాయ రసం, ఏవీ వదల్లేదు. వీధిలో ఒకాయన తాగొచ్చాడా అని కూడా అడిగాడు, ఇప్పుడు తలుచుకున్నా నాకు ఏడుపొస్తుంది. నాలుగో రోజు రక్తం తీసి చూస్తే ఫెనిటాయిన్ లెవెల్ 31, మామూలుగా ఉండాల్సింది 10 నుంచి 20.

100 ఎంజికే అంత పెరగడమేంటని అడిగితే చెప్పారు, ఈ మందుని లివర్ ఒక హద్దు దాకానే అరగదీయగలదట. ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశాక పైనుంచి ఇంకొంచెం వరదొచ్చినా నీటిమట్టం ఎగబాకుతుంది గదా, అదే లెక్క. అందుకే ఫెనిటాయిన్‌ని కొంచెం కొంచెంగా పెంచుతారు. మనం మాత్రం ఇంట్లో అర టాబ్లెట్ కూడా సొంతంగా పెంచకూడదు, తగ్గించకూడదు, ఉన్నట్టుండి మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకొస్తుంది. పూట తప్పితే మాత్రం డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, తిడితే తిట్టనివ్వండి.

ఎండలు ముదరకముందే ఒకసారి చూపించుకుని, మనిషి బాగున్నప్పటి లెవెల్ ఒకటి చేయించాలా అని అడగండి. తేడా చేసిన రోజు పోల్చుకోడానికి అదే ఆధారం. పొద్దున టాబ్లెట్ వేసుకోకముందు రక్తం ఇవ్వాలి, ఆఖరి టాబ్లెట్ ఎన్నింటికి వేసుకున్నారో కాగితం మీద రాసివ్వండి, వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబ్. డోసు మార్చిన మర్నాడే చేయిస్తే అసలు సంగతి తెలీదు, మందు ఒక స్థాయికి కుదురుకోడానికి వారాలు పడుతుంది, కానీ తూలుతుంటే మాత్రం వారాలు ఆగకండి, ఆ రోజే వెళ్లండి. ఇంకోటి, రిపోర్టులో 8 ఉందని కంగారుపడి పెంచమని అడగొద్దు, రెండేళ్లుగా ఫిట్స్ లేకపోతే ఆ మనిషికి అదే సరిపోతోందేమో. మనిషిని చూడాలి, అంకెని కాదు.

వేసవిలో మాకు ఎక్కువ భయం వేరే మందులతోనే. చెమటకి తామరొస్తుంది, మెడికల్ షాపులో ఫ్లుకోనజోల్ ఇస్తారు, అది ఫెనిటాయిన్ లెవెల్ పెంచేస్తుంది. ఇట్రాకోనజోల్ ఇస్తే ఉల్టా, ఫెనిటాయిన్ వల్ల ఆ తామర మందే పనిచేయదు. మోషన్స్‌కి ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ లాంటివి ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతాయి. టెగ్రిటాల్, అంటే కార్బమజెపిన్ అనే ఇంకో ఫిట్స్ మందు వాడేవాళ్లకి గొంతు నొప్పని క్లారిథ్రోమైసిన్ ఇస్తే లెవెల్ పైకి పోతుంది. వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడే మనిషిని హాస్పిటల్లో చేర్చి మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పెడితే వాల్‌ప్రోయేట్ లెవెల్ దబ్బున పడిపోతుంది. ఇవన్నీ గుర్తుండవు, అందుకని టాబ్లెట్ల పేర్లు రాసిన చీటీ పర్సులో పెట్టండి, జలుబుకి వెళ్లినా ముందు అది చూపించండి. లామోట్రిజిన్ అనే ఫిట్స్ మందు వాడే ఆడపిల్లలకి గర్భనిరోధక మాత్రలతో, గర్భంతో కూడా లెవెల్ పడిపోతుంది, వాళ్లు ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

టోపిరమేట్, జోనిసమైడ్ అనే ఫిట్స్ మందులు వాడేవాళ్లలో కొందరికి, ముఖ్యంగా పిల్లలకి, చెమట సరిగా పట్టదు, ఒళ్లు కాలిపోతున్నా తడి ఉండదు. మన బెజవాడ ఎండలో అలాంటి పిల్లాణ్ణి మధ్యాహ్నం క్రికెట్‌కి పంపొద్దమ్మా, ఆ మందులకి కిడ్నీలో రాళ్ల భయం కూడా ఉంది, నీళ్లు బాగా తాగించండి. కార్బమజెపిన్, ఆక్స్‌కార్బజెపిన్ వాళ్లకి మాత్రం బిందెలకొద్దీ ఉత్త నీళ్లే పోస్తుంటే సోడియం పడిపోయి దాంతోనే ఫిట్స్ రావొచ్చు, ఎంత తాగాలో, ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ తీసుకోవచ్చో లేదో డాక్టర్‌ని అడగండి, బీపీ ఉన్నవాళ్లు మరీ. లెవెటిరాసెటామ్ అనే ఫిట్స్ మందు ఎక్కువగా కిడ్నీ గుండానే పోతుంది, వాంతులు విరేచనాలతో ఒళ్లు ఎండిపోయి కిడ్నీ దెబ్బతింటే అది ఒంట్లోనే ఉండిపోతుంది. టాబ్లెట్ వేసిన కాసేపటికే వాంతైతే మళ్లీ వేయాలా వద్దా అనేది ముందే అడిగి రాసి పెట్టుకోండి, అర్ధరాత్రి ఎవర్ని అడుగుతాం.

స్ట్రిప్పులు బండి డిక్కీలో పెట్టి తిరగొద్దు, కార్బమజెపిన్ అయితే తేమ పీల్చుకున్నా బలం తగ్గుతుంది, బాత్రూం అల్మరాలో అస్సలొద్దు. షాపులో లేదని వేరే కంపెనీది ఇస్తే, ఫెనిటాయిన్ విషయంలో ముఖ్యంగా, డాక్టర్‌ని అడక్కుండా మార్చకండి, నెలకి సరిపడా ముందే తెచ్చుకోండి.

రాత్రి కరెంట్ పోయి నిద్రలేకపోతే లెవెల్ బాగున్నా ఫిట్స్ రావొచ్చు. ఆ మర్నాడు బండి నడపొద్దు. సీతానగరం ఘాట్‌లో ఈతకి అసలే వద్దు, పక్కన స్నేహితులున్నా సరే.

ఫిట్స్ వస్తే మాత్రం పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి, టైం చూడండి. తాళాలు చేతిలో పెట్టొద్దు, నోట్లో స్పూనూ నీళ్లూ ఏవీ వద్దు. 5 నిమిషాలు దాటితే, లేదా తెలివి రాకుండానే రెండోసారి వస్తే 108. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే డాక్టర్ రాసిచ్చుంటే ఇంట్లో ఎక్కడుందో అందరికీ తెలియాలి, మా ఇంట్లో అది దేవుడి గూటి పక్కన ఉంటుంది, మా ఎనిమిదేళ్ల పాపకి కూడా తెలుసు.