మిల్లులకు నెల చందా సాఫ్ట్‌వేర్: మొదలుపెట్టేది కాంటా దగ్గరే

కోడ్ రాయకముందు కాంటా దగ్గర కూర్చోండి. మిర్యాలగూడ రైస్ మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేసే నేను అందరికీ మొదట చెప్పేది ఇదే. ధాన్యం లారీ వస్తుంది, నిండు తూకం వేస్తారు, తేమ చూస్తారు, దించాక ఖాళీ తూకం. గుమాస్తా ఇదంతా ఒక చీటీ మీద రాస్తాడు. మీ సాఫ్ట్‌వేర్ మొదటి వెర్షన్ ఆ చీటీ ఒక్కటి ఇస్తే చాలు. నెట్ పోయినా అది ప్రింట్ కావాలి. బయట లారీల వరుస ఉన్నప్పుడు మీ సర్వర్ కోసం ఎవరూ ఆగరు. డాష్‌బోర్డులు, అంటే లెక్కలన్నీ ఒకచోట చూపే తెరలు, తర్వాత చూసుకోవచ్చు.

ధర మిల్లుకు ఇంత అని పెట్టండి. మనిషికి ఇంత అంటే నలుగురూ ఒకే పాస్‌వర్డ్ వాడతారు, తూకం ఎవరు మార్చారో తేలదు.

వసూలుకు యూపీఐ ఆటోపే మేలు, చందా నెలనెలా దానంతటదే కట్ అవుతుంది. మొదటిసారి పిన్ కొడితే చాలు, ఒక్కోసారికి 15,000 రూపాయల వరకు మళ్లీ అడగదు. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ వెళ్తుంది. ఖాతాలో డబ్బు లేకపోతే సర్వీస్ వెంటనే ఆపకండి, వారం గడువివ్వండి.

వానాకాలం, యాసంగి ధాన్యం రాక తగ్గాక మిల్లుల వాళ్లు చందా ఆపేస్తామంటారు. పాత లెక్కలు చూసుకోవడానికి తక్కువ ధర ప్లాన్ ఒకటి ఉంచండి. కొత్త మిల్లులు ఎక్కువగా గుమాస్తాల మాట మీదే వస్తాయి. వాళ్లు ఫోన్ చేస్తే మీరే ఎత్తండి.