ఇంట్లో కట్టిన విమానం: మొదటిసారి ఎగరేసే ముందు చూసుకోవాల్సినవి

అమెరికాలో ఇంటి గరాజ్‌లో విమానం కట్టుకోవచ్చు. కిట్ కొని, అందులో సగానికి మించిన పని చదువు కోసమో సరదా కోసమో సొంతంగా చేశారని చూపిస్తే అక్కడి విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ దాన్ని 'ఎక్స్‌పెరిమెంటల్' (ప్రయోగాత్మకం) కింద ఎగరనిస్తుంది. ఆ మాట కాక్‌పిట్ ఎక్కే చోట కనీసం 2 అంగుళాల అక్షరాల్లో కనపడాలి కూడా. చలికాలమంతా రివెట్లు కొట్టి ఎండలు రాగానే ఎగరేద్దామనుకునేవాళ్లూ, వేరేవాళ్లు కట్టినది సెకండ్‌హ్యాండ్‌లో కొనబోతున్నవాళ్లూ బయల్దేరే ముందు ఇది చదవండి.

ఈ విమానాల ప్రమాదాల మీద, అమెరికాలో ప్రమాదాల దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ 2012లో పెద్ద అధ్యయనం వెలువరించింది. అమెరికాలోని చిన్న విమానాల్లో ఇవి 10 శాతం లోపే. 2011లో మాత్రం ఆ విభాగంలో జరిగిన ప్రమాదాల్లో దాదాపు 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం వీటివే. రెక్క విరిగి పడిపోతుందేమో అని అందరూ భయపడతారు గానీ, ఎక్కువగా జరుగుతున్నవి రెండే: ఇంజన్ పవర్ పోవడం, పైలట్ చేతిలోంచి కంట్రోల్ జారిపోవడం. అవి కూడా విమానం కొత్తగా ఉన్నప్పుడు, లేదా కొత్త ఓనర్ చేతికి వచ్చిన కొత్తలో. 2011లో ఈ విమానాలకి జరిగిన 224 ప్రమాదాల్లో 14, పాత విమానం కొన్నవాళ్లు దాన్ని తొలిసారి ఎగరేసినప్పుడే జరిగాయి.

అందుకే నేను ముందు ఇంధనం గురించి చెబుతాను. గాయకుడు జాన్ డెన్వర్ సంగతి తెలిసే ఉంటుంది. 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలోని మాంటెరే దగ్గర, అప్పుడే కొన్న లాంగ్-ఈజీ అనే ఇంట్లో కట్టే రకం విమానంతో సముద్రంలో పడి చనిపోయాడు. 2,700 గంటలకు పైగా ఎగిరిన పైలట్. డిజైన్ ప్రకారం ట్యాంకు మార్చే వాల్వ్ పైలట్ కాళ్ల మధ్య ఉండాలి. కట్టినాయన కాక్‌పిట్‌లోకి పెట్రోల్ పైపు రాకూడదని దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చాడు. ఆలోచన మంచిదే. కానీ ఆ వాల్వ్ తిప్పాలంటే విమానాన్ని నడిపే స్టిక్ వదిలి, ఒళ్లు వెనక్కి మెలితిప్పి, కుడిచేత్తో అందుకోవాలి. అలా తిరిగేటప్పుడు కుడికాలు తెలియకుండానే విమానం ముక్కుని పక్కకి తిప్పే రడ్డర్ పెడల్‌ని తొక్కేస్తుందని దర్యాప్తులో తేలింది. వాల్వ్ మీద ఏ ట్యాంకు ఎటో గుర్తుల్లేవు. ఇంధనం ఎంతుందో చూపే గొట్టాలు వెనక సీటు దగ్గర ఉన్నాయి, వాటిమీదా గుర్తుల్లేవు. ముందు కూర్చున్నవాడికి అవి కనపడవని ఆ రోజు ఒక అద్దం ఇచ్చారు. హ్యాండిల్ సరిగ్గా అందడం లేదని మెకానిక్ దానికి గట్టిగా పట్టేసే లాకింగ్ ప్లయర్ బిగించి చూశాడు, లాభం లేకపోయింది. పెట్రోల్ పోయమంటారా అంటే, ఒక గంటే కదా తిరిగేది అని డెన్వర్ వద్దన్నాడు.

ఇందులో ఏ ఒక్కటీ గాల్లో కొత్తగా పుట్టిన సమస్య కాదు. అన్నీ విమానం హ్యాంగర్‌లో (షెడ్డులో) ఉండగానే కళ్లెదుట ఉన్నవి. కాబట్టి బెల్టులు బిగించుకుని సీట్లో కూర్చోండి. కళ్లు మూసుకుని వాల్వ్ తిప్పండి. భుజం కదిలినా, కాలు కదిలినా, ఆ వాల్వ్ అక్కడ ఉండకూడదు. "అలవాటైపోతుందిలే" అనే మాట దగ్గరే ఆగిపోండి.

తర్వాత ట్యాంకు గేజ్. ఖాళీ ట్యాంకులో ఒక్కో గ్యాలన్ కొలిచి పోస్తూ గేజ్ ఎక్కడ చూపిస్తోందో గుర్తు పెట్టుకోవాలి. ఆపైన ఇంధనం పారే వేగం చూడాలి. ముక్కు పైకెత్తి, విమానం అన్నిటికన్నా ఏటవాలుగా పైకెక్కేటప్పుడు ఉండే కోణంలో నిలబెట్టి, ట్యాంకులో తక్కువ ఇంధనం ఉంచి, ఇంజన్ దగ్గర పైపు విప్పి డబ్బాలోకి వదలండి. పంపు ఉన్న ఇంజన్‌కి టేకాఫ్‌లో తాగేదానికి 125 శాతం, పంపు లేకుండా పైనుంచి దానంతటదే దిగే ఏర్పాటుకి 150 శాతం రావాలి. టేకాఫ్‌లో గంటకు 12 గ్యాలన్లు తాగే ఇంజన్, పంపు ఉందనుకుందాం: గంటకు 15 గ్యాలన్లు, అంటే నిమిషానికి పావు గ్యాలన్ డబ్బాలో పడాలి. ఏ ట్యాంకుకి ఆ ట్యాంకు విడిగా చూడాలి. పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకోండి, విమానానికి ఎర్త్ వైరు తగిలించండి. ట్యాంకు కట్టేటప్పుడు మిగిలిన సీలెంట్ ముక్కలు, ఫైబర్‌గ్లాస్ పొడి ఫిల్టర్‌లో చేరతాయి. ఫిల్టర్ విప్పి చూసేదాకా ట్యాంకు శుభ్రంగా ఉందని అనుకోవద్దు.

కంట్రోల్స్ తిరగబడి బిగించి ఉంటే టేకాఫ్ అయిన క్షణంలోనే తెలుస్తుంది, అప్పటికి చేయగలిగింది తక్కువ. ఒక సులువు ఉంది. బొటనవేలు పైకి పెట్టి స్టిక్ పట్టుకోండి. వేలు ఏ వైపు వాలితే ఆ వైపు రెక్క వెనక అంచున కదిలే పలక, ఎలరాన్, పైకి లేవాలి. స్టిక్ వెనక్కి లాగితే తోక మీద కదిలే పలక, ఎలివేటర్, లేవాలి. స్టిక్ మీద పట్టు బరువు తగ్గించే ట్రిమ్‌ కూడా సరైన వైపే కదులుతోందో లేదో కంటితో చూడండి. రిపేరు చేయించిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి.

కట్టే పద్ధతిలో సొంత తెలివి ఎంతవరకు వాడొచ్చు? విమానాలు డిజైన్ చేసి రేసుల్లో నడిపిన స్టీవ్ విట్‌మన్ అంతటివాడు, విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్ విమానాశ్రయానికి ఎవరి పేరు పెట్టారో ఆయన, 1995లో 91 ఏళ్ల వయసులో భార్యతో వెళ్తూ అలబామాలో కూలిపోయాడు. రెక్కకి తొడిగిన గుడ్డ ఊడి, రెక్క, ఎలరాన్ వణికిపోయి విమానం ముక్కలైంది. గుడ్డ ఒక పద్ధతిది, దాన్ని అంటించిన రసాయనం ఇంకో పద్ధతిది. ఒక కంపెనీ గుడ్డ తీసుకుంటే జిగురు నుంచి చివరి కోటింగ్ దాకా అన్నీ ఆ కంపెనీ చెప్పినవే వాడండి. ఇక్కడ అనుభవం లెక్కలోకి రాదు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తా. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు మొదటి పైలట్ లైసెన్సు శిక్షణకి రవాణా భద్రత సంస్థ టీఎస్‌ఏ అనుమతి తీసుకోవాలి. అమెరికా పౌరసత్వమో గ్రీన్ కార్డో లేకుండా విమానం సొంత పేరు మీద రిజిస్టర్ కాదు. కట్టినవాళ్లు తమ విమానాన్ని తామే తనిఖీ చేసుకోవడానికి ఇచ్చే రిపేర్‌మన్ సర్టిఫికెట్‌కీ ఇదే షరతు. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ఆ సర్టిఫికెట్ మీకు రాదు, ఏటా చేసే తనిఖీని దానికి అర్హత సర్టిఫికెట్ ఉన్నవాళ్లే చేయాలి. జీవిత బీమా పాలసీలో సొంతంగా విమానం నడిపితే వర్తించదని రాసి ఉందేమో చదవండి.

కొన్నవాళ్లు మొదటి రోజే దాన్ని నడుపుకుంటూ ఇంటికి తెచ్చేయకండి. అదే మోడల్ తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌తో కొన్ని గంటలు ఎగరండి. సెస్నా లాంటి ఫ్యాక్టరీ విమానంలో వందల గంటలు ఉన్నా సరే, ఇవి చేతికి చురుగ్గా ఉంటాయి, కొన్ని చెప్పకుండా స్టాల్ అవుతాయి, అంటే రెక్కలు విమానాన్ని మోయడం మానేస్తాయి. ఇలా విమానాలు కట్టేవాళ్ల సంఘం ఈఏఏలో ఫ్లైట్ అడ్వైజర్లు, టెక్నికల్ కౌన్సిలర్లు ఉంటారు, డబ్బులు తీసుకోరు. మొహమాటపడకుండా పిలవండి.

ఇక ఆ రోజు. ముహూర్తం పెట్టుకోవద్దు. పూజ, కొబ్బరికాయ ముందు రోజే హ్యాంగర్‌లో కానివ్వండి. యాభైమంది ఫోన్లు పట్టుకుని నిలబడితే, గాలి ఎక్కువైనా "ఇవాళ వద్దులే" అనడానికి నోరు రాదు. ఆ టెన్షన్ ఎందుకు? ఉదయం గాలి లేనప్పుడు, అందుబాటులో ఉన్నవాటిలో అతి పొడవైన రన్‌వే చూసుకోండి. మొదటి 25 గంటలు, సర్టిఫై కాని ఇంజన్ లేదా ప్రొపెల్లర్ అయితే 40 గంటలు, సాధారణంగా ఇది పరీక్షల కాలం. ఇంట్లోవాళ్లని ఎక్కించుకోవడం కుదరదు. విమానాశ్రయం మీదే గుండ్రంగా తిరుగుతూ ఎత్తు పెంచండి. టేకాఫ్ అయిన వెంటనే ఇంజన్ ఆగితే వెనక్కి తిరగాలనిపిస్తుంది. తిరగొద్దు. ముక్కు దించి వేగం కాపాడుకుని ఎదురుగా ఉన్నచోట దిగండి. తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో వెనక్కి తిరగబోయి స్టాల్ అయి చాలామంది చనిపోయారు. కాక్‌పిట్ మీది అద్దాల మూత, కానపీ, గాల్లో తెరుచుకున్నా కంగారు పడొద్దు. పెద్ద శబ్దం వస్తుంది, గాలి మొహాన కొడుతుంది. దాన్ని మూయబోయి స్టిక్ వదిలేస్తేనే అసలు ప్రమాదం.

స్టాల్ లాంటి పరీక్షలకి ఎంత ఎత్తులో మొదలుపెట్టాలో, ఎంత కిందికొస్తే ఆపేయాలో ముందే కాగితం మీద రాసుకోండి. 2009 మార్చి 6న బెంగళూరు దగ్గర బిడదిలో మన దేశంలో తయారుచేసిన సరస్ విమానం రెండో నమూనా కూలి ముగ్గురు చనిపోయారు. గాల్లో ఒక ఇంజన్ ఆపి తిరిగి స్టార్ట్ చేసే పరీక్ష అది. రాసిచ్చిన పద్ధతే తప్పనీ, ఎత్తూ చాలలేదనీ దర్యాప్తు తేల్చింది. నడిపినవాళ్లు వాయుసేన టెస్ట్ పైలట్లు. కాబట్టి మీరు రాసుకున్న కాగితాన్ని ఇంకో తెలిసిన మనిషికి చూపించండి.

కింద రేడియోతో ఒకరుండాలి. బయటి నుంచి కానపీ ఎలా తెరవాలో వాళ్లకి ముందే చూపించండి.

దిగాక ఇంజన్ మీది కప్పు, కౌలింగ్, మొత్తం విప్పండి. నూనె చెమ్మ ఎక్కడుందో, ఏ పైపు దేనికి రాసుకుంటోందో, ఎగ్జాస్ట్ బోల్టులు వదులయ్యాయో టార్చి వేసి చూడండి. రెండో ఫ్లైట్ అదే రోజు ఉండాలనేం లేదు.