శ్రీకాకుళం తీరంలో సాయంత్రం పూట డాల్ఫిన్లను చూడటానికి పడవలో ఎలా వెళ్లాలి?

రెండు మూడు గంటల షికారులో డాల్ఫిన్లతో పాటు తిమింగలం కూడా కనిపిస్తుందని ఆశ పెట్టుకోవద్దు. పెద్ద తిమింగలాలు లోతు నీళ్లలో, ఒడ్డుకు చాలా దూరంగా తిరుగుతాయి. శ్రీలంకలోని మిరిస్సాలో అవి కనిపించేది అక్కడ తీరానికి దగ్గర్లోనే లోతు మొదలవుతుంది కాబట్టి. మన కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు చూడగలిగేది డాల్ఫిన్లను. వాటి కోసం వెళ్లినా పూర్తిగా తృప్తిగా తిరిగి రావచ్చు.

మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు కొబ్బరితోటల వెనక, ఊరి వైపు దిగుతాడు. ఇది లోటు కాదు, లాభం. సముద్రం వైపు చూస్తున్నప్పుడు ఎండ మీ వీపు మీద ఉంటుంది, కళ్లలో పడదు. నీటిపైకి లేచిన డాల్ఫిన్ వీపు తడిసిన నల్లరాయిలా మెరిసి కనిపిస్తుంది.

రోజు, వేళ

జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, బోట్లు ఒడ్డునే ఉంటాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపానుల భయం. వెళ్లే ముందురోజు, వెళ్లే రోజు పొద్దున ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే సముద్ర సూచన చూడండి. అల ఎత్తు మీటరు లోపు ఉంటే హాయి. మీటరున్నర దాటితే మానుకోండి.

బయల్దేరే సమయాన్ని వెనక నుంచి లెక్కగట్టాలి. ఫిబ్రవరి మధ్యలో సూర్యాస్తమయం సుమారు 5:50కి. ఆ వేళకు బోటు మూతి ఇసుకను తాకాలి. అంటే 5:30కల్లా కెరటాలు విరిగే చోటుకు కాస్త బయట ఉండాలి, 3 కిలోమీటర్ల దూరం నుంచైతే 5:10కే వెనక్కి తిరగాలి. కాబట్టి 3:30కి బోటు నీళ్లలో దిగాలి. జనవరి మొదట్లో ఇంకో 20 నిమిషాలు ముందు. "ఇంకాసేపు ఉందాం" అని తండేలును (బోటు నడిపే పెద్దను) బతిమాలొద్దు. పొద్దు గూకాక అరగంటలోపే చీకటి పడుతుంది, చీకట్లో వెనక నుంచి వచ్చే కెరటం కనిపించదు.

బోటు

ఇక్కడ చాలావరకు వేటకు వెళ్లే ఫైబర్ బోట్లే ఉంటాయి. అవి ప్రయాణికుల కోసం కట్టినవి కావు. అందుకే ముందుగా మెరైన్ పోలీస్ స్టేషన్‌లో అనుమతి సంగతి అడిగి, పేర్లు, తిరిగొచ్చే వేళ చెప్పండి. నడిపేవాళ్లు ఇద్దరు, కూర్చునేవాళ్లు ఆరుగురు మించకూడదు. రెండు బోట్లు జతగా వెళ్తే మరీ మంచిది, ఒక ఇంజిన్ ఆగితే రెండోది లాక్కొస్తుంది.

లైఫ్ జాకెట్ తొడిగి బకిళ్లన్నీ బిగించాక, పక్కవాళ్లను భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. అది చెవుల దాకా జారి వస్తే వదులుగా ఉన్నట్టే, నీళ్లలో పడితే తలమీదుగా ఊడిపోతుంది. పిల్లలకు వాళ్ల సైజుది దొరక్కపోతే ఒడ్డునే ఉంచండి. ఇందులో మొహమాటం పనికిరాదు.

కడుపు నిండా తినకుండా రెండు ఇడ్లీలతో సరిపెట్టుకోండి. వాంతులయ్యే అలవాటుంటే డాక్టరును అడిగి మాత్ర గంట ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక అది అంతగా పనిచేయదు.

కెరటం దాటేటప్పుడు

పెద్ద కెరటాలు వరసగా నాలుగైదు వచ్చి కాసేపు తెరిపి ఇస్తాయి. తండేలు ఆ తెరిపి కోసం కాచుకుంటాడు, తొందరపెట్టొద్దు. బోటు మధ్యలో కిందికి కూర్చోండి, వేళ్లు అంచుకు బయట పెట్టకండి. తిరిగొచ్చేటప్పుడే అసలు ప్రమాదం. కెరటం బోటు వెనక భాగాన్ని ముందుకు నెట్టేస్తే అది అడ్డం తిరిగి బోల్తా పడుతుంది. ఆ క్షణాన ఫొటో కోసం ఒక్కరు లేచినా బరువు ఒరుగుతుంది.

కళింగపట్నంలో వంశధార మొగ (నది సముద్రంలో కలిసే చోటు) గుండా వెళ్లేట్టయితే "అన్నా, ఇప్పుడు పోటా, పాటా?" అని, అంటే నీరు పైకి వస్తోందా, వెనక్కి తీస్తోందా అని అడగండి. పాటు వేళ బయటకు పారే నీరు, లోపలికొచ్చే అల ఎదురెదురై కెరటం నిలువుగా లేస్తుంది.

నీళ్ల మీద

పక్షులు గుంపుగా ఒకేచోట నీళ్లలో దూకుతుంటే కింద చేపల మంద ఉన్నట్టు. డాల్ఫిన్లు అక్కడికే వస్తాయి. రెక్క చక్రం తిరిగినట్టు పైకి లేచి మునిగితే డాల్ఫిన్, నీటిని కోస్తున్నట్టు నేరుగా పోతే సొర.

కనబడగానే వేగం తగ్గించాలి. 50 మీటర్ల దూరంలో, అవి పోయే దిక్కుకు పక్కగా నడపాలి. ఎదురెళ్లకూడదు, గుంపు మధ్యకు దూరకూడదు. ఇంజిన్ మోత తగ్గితే అవి ఊపిరి వదిలే "ఫుస్" శబ్దం చెవినపడుతుంది, దాని కోసమైనా మాట్లాడకుండా ఉండాలి. అవి మాటిమాటికీ దిక్కు మార్చినా, తోకతో నీటిని బాదినా వదిలేసి వచ్చేయండి. పదిహేను నిమిషాలకు మించి ఒకే గుంపు వెంట ఉండొద్దు. ఈ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఊపిరికి పైకొస్తాయి, ఇంజిన్ రెక్క తగిలితే బతకవు. ముందు కూర్చున్నవాళ్లు నీటినే చూస్తుండాలి.

ఇంజిన్ ఆగిపోతే మెరైన్ పోలీసుల 1093కి, లేదా కోస్ట్ గార్డ్ 1554కి ఫోన్ చేయండి. ఫోన్ నీరు చొరని సంచిలో పెట్టుకోండి.

దిగాక తలలు లెక్కపెట్టి, స్టేషన్‌లో తిరిగొచ్చామని చెప్పండి. ఇసుక మీద నడిచేటప్పుడు టార్చి వేయొద్దు. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తున్న తాబేలు వెలుగు చూస్తే వెనక్కి మళ్లిపోతుంది.