బరువు తగ్గాక చదువు తలకెక్కింది

ఒంగోలులో గ్రూప్‌-2కి చదువుతున్నప్పుడు మధ్యాహ్నమయ్యేసరికి బుర్ర మొద్దుబారిపోయేది. పాలిటీలో పేజీ కింది దాకా వస్తే పైన ఏముందో గుర్తుండేది కాదు. నడుము 90 సెంటీమీటర్లు దాటింది. మన మగవాళ్లకు హద్దు అదే.

డాక్టరుగారు థైరాయిడ్, షుగర్‌తో పాటు టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ పరీక్ష కూడా రాశారు. దానికి రక్తం పొద్దున్నే పరగడుపున ఇవ్వాలి, సాయంత్రానికి ఆ హార్మోన్ సహజంగానే తగ్గుతుంది. తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ చూడాలి. నాకు రెండుసార్లూ తక్కువే. ఒంట్లో కొవ్వు పెరిగితే అందులోని ఆరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రాడియోల్ అనే ఆడ హార్మోన్‌గా మార్చేస్తుందట.

జిమ్ములో ఒకతను ఇంజెక్షన్ వేయించుకోమన్నాడు. తమ్ముళ్లూ, దయచేసి ఆ పని చేయకండి. బయటినుంచి టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే వీర్యకణాల తయారీ పడిపోతుంది.

నేను మార్చినవి మామూలువే. రాత్రి అన్నం సగం చేసి, పులుసులో చేపముక్కలు ఎక్కువ వేయించుకున్నాను. సాయంత్రం రంగరాయుడు చెరువు వైపు నడక. అన్నిటికంటే ముఖ్యం, అర్ధరాత్రి చదువు మానేసి పదిన్నరకే పడుకోవడం. టెస్టోస్టెరాన్ ఎక్కువగా తయారయ్యేది నిద్రలోనే. నాకు బాగా పనిచేసింది ఇదేనని నా నమ్మకం. బెల్టు లోపలి రంధ్రానికి వచ్చేనాటికి మధ్యాహ్నం చదివింది కూడా నిలవడం మొదలైంది. తర్వాతి పరీక్షలో టెస్టోస్టెరాన్ మామూలు స్థాయికి వచ్చింది.