సరస్సు నుంచి సరస్సుకి ఒక్క రోజులో సైకిల్: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

నీరు పల్లమెరుగు అంటారు. ఒక సరస్సు దగ్గర బయల్దేరి ఇంకో సరస్సు దగ్గర దిగాలనుకునేవాళ్ళు ముందు ఈ మాటే గుర్తుపెట్టుకోవాలి. రెండు సరస్సులంటే రెండు పల్లాలు. రెండూ ఒకే నది మీద ఒకటి పైన, ఒకటి కింద ఉంటే తప్ప, మధ్యలో వాన నీళ్ళు అటూ ఇటూ విడిపోయే గట్టు ఒకటి ఉండి తీరుతుంది. ఆ గట్టు దాటడమే అసలు రైడు. మ్యాపులో రెండు నీలం మచ్చల మధ్య దూరం చూసి "180 కిలోమీటర్లే కదా" అనుకున్నప్పుడే ప్లాను సగం చెడుతుంది. నేనూ ఒకసారి అలాగే బయల్దేరాను. గట్టు మీదికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది, చివరి 40 కిలోమీటర్లు సరైన లైటు లేకుండా చీకట్లో తొక్కాను. మళ్ళీ ఎవరికీ అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

సమస్య: సగం రోజు గడిచింది, సగం దారి రాలేదు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. చదును రోడ్డు మీద వచ్చే సగటు వేగంతో మొత్తం దూరాన్ని భాగించి ఉంటారు. రెండో తప్పు, రెండు సరస్సుల ఎత్తుల తేడానే ఎక్కాల్సిన ఎత్తు అనుకోవడం. మొదటిది 300 మీటర్ల ఎత్తులో, రెండోది 450 మీటర్ల ఎత్తులో ఉన్నాయనుకోండి. ఎక్కాల్సింది 150 మీటర్లు కాదు. మధ్యలో గట్టు 1,100 మీటర్ల దగ్గరుంటే 800 మీటర్లు ఖాయం, దారిలో వచ్చే చిన్న చిన్న మిట్టలు దానికి అదనం.

ఎక్కుడులో పోయిన సమయం దిగుడులో తిరిగొస్తుందన్న నమ్మకం కూడా వదిలేయాలి. 20 కిలోమీటర్లు గంటకు 10 వేగంతో ఎక్కి, ఇంకో 20 కిలోమీటర్లు గంటకు 40 వేగంతో దిగితే సగటు 25 రాదు, 16 వస్తుంది. ఎందుకంటే ఎక్కడానికి రెండు గంటలు పట్టింది, దిగడానికి అరగంటే.

పరిష్కారం: దూరాన్నీ ఎత్తునూ విడివిడిగా లెక్కేయండి. మనిషి 75 కిలోలు, సైకిలూ సామానూ 10 కిలోలు అనుకుంటే, 200 వాట్ల శక్తితో 1,000 మీటర్లు ఎక్కడానికి భూమి ఆకర్షణకే దాదాపు గంటా పది నిమిషాలు పోతాయి. టైర్ల రాపిడి, గాలి కలుపుకుని గంటా ఇరవై అని రాసుకోండి. రోజంతా నిలబెట్టగలిగేది 150 వాట్లే అయితే ఆకర్షణ ఒక్కదానికే గంటన్నర దాటుతుంది. ఇక్కడ నిజాయితీ కావాలి. ఒక గంట పాటు తొక్కగలిగిన శక్తి వేరు, ఎనిమిదో గంటలో మిగిలే శక్తి వేరు. లెక్కలోకి రెండోదే రావాలి.

ఆగే సమయాన్ని కూడా ముందే రాసుకోండి. పోల్చుకోవడానికి ఒక కొలత ఉంది. గడువులోగా దూరం పూర్తిచేసే సుదూర సైక్లింగ్‌ను రాండొన్నేరింగ్ అంటారు, అందులో ఒక్కో రైడును బ్రెవే అంటారు. 200 కిలోమీటర్ల బ్రెవేకి ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు, నీళ్ళకూ తిండికీ పంక్చర్లకూ ఆగిన సమయమంతా కలిపి. అంటే గంటకు దాదాపు 15 కిలోమీటర్లు. వినడానికి తక్కువే, కానీ కొండ దారిలో మొదటిసారి వెళ్ళేవాళ్ళు అంతకన్నా చాలా ఎక్కువ వేగం ఊహించుకోకపోవడమే మంచిది.

సమస్య: ఒక యాప్‌లో ఒక ఎత్తు, ఇంకో యాప్‌లో ఇంకో ఎత్తు

యాప్ మీ రోడ్డును కొలవదు. ఆ చోటులో నేల ఎంత ఎత్తుందో చెప్పే పటం మీద మీ దారి గీతను పరుస్తుంది. సరస్సు ఒడ్డున కొండను తొలిచి వేసిన రోడ్డయితే, గీత పది మీటర్లు పక్కకి జరిగినా కొండవాలు మీద పడుతుంది. మరుక్షణం నీటి అంచుకు వస్తుంది. చదునైన ఒడ్డు దారి కాగితం మీద రంపపు పళ్ళలా కనిపిస్తుంది. సొరంగం దగ్గర ఇంకా ఘోరం, మిమ్మల్ని కొండ మీదుగా ఎక్కించి దించుతుంది. లోయ మీద వంతెన ఉంటే లోయలోకి దించి పైకి తెస్తుంది.

గ్రాఫును పెద్దది చేసి చూడండి. నిట్టనిలువుగా లేచి వెంటనే పడిపోయిన చోటల్లా సొరంగమో వంతెనో ఉందేమో సరిచూసి ఆ ఎత్తును కొట్టేయండి. అసలు గట్టు ఎక్కుడు మాత్రం అడుగున ఒక బిందువు, పైన ఒక బిందువు తీసుకుని మీరే తీసివేత చేయండి. ఆ ఒక్క అంకెనే నేను నమ్ముతాను.

సమస్య: ఎక్కుడులో పెడల్ తిరగడం లేదు, మోకాలు లాగుతోంది

కాళ్ళలో బలం లేదని బాధపడకండి. ముందు గేర్లు చూడండి. ముందు 34 పళ్ళు, వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం 28 పళ్ళు అనుకుంటే, నిమిషానికి 60 సార్లు తొక్కినా గంటకు 9 కిలోమీటర్ల వేగం వస్తుంది. 8 శాతం వాలులో ఆ వేగం నిలవాలంటే పైన చెప్పిన బరువుకి 180 వాట్లు కావాలి. అవి లేనప్పుడు కేడెన్స్, అంటే నిమిషానికి పెడల్ తిరిగే సార్లు, 50కి, 45కి పడిపోతుంది, ప్రతి తొక్కూ మోకాలి మీద భారమవుతుంది. వెనక పెద్దది 34 పళ్ళుండే క్యాసెట్ (పళ్ళచక్రాల సెట్టు) వేయిస్తే అదే 60 కేడెన్స్‌తో గంటకు ఏడున్నర దగ్గర ఎక్కొచ్చు. అంత పెద్ద క్యాసెట్‌ను మీ డిరైల్యర్ (చైనును ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం) తీసుకుంటుందో లేదో ముందే కనుక్కోండి. తేలిక గేరు వేసుకోవడం చిన్నతనం అనుకునేవాళ్ళుంటారు. రోజంతా తొక్కాల్సిన దారిలో ఆ మాట పట్టించుకోవద్దు.

గేరు సరిగ్గానే ఉన్నా నొప్పి తగ్గకపోతే, అది ఎక్కడుందో చూడండి. మోకాలి ముందు వైపు అయితే తరచుగా సీటు కిందికుండడం కారణం. వెనక వైపు అయితే సీటు మరీ ఎత్తులో ఉండొచ్చు. ఒకసారికి రెండు మూడు మిల్లీమీటర్లకి మించి మార్చకండి, అదీ రైడుకి చాలా రోజుల ముందే.

సమస్య: రెండో సరస్సు కనిపిస్తోంది, కానీ ఎదురుగాలి తోసేస్తోంది

ఇది దురదృష్టం కాదు. పగలు నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సరస్సు మీది చల్లగాలి వస్తుంది. పెద్ద సరస్సుల దగ్గర మధ్యాహ్నానికి ఇది బాగా బలపడుతుంది. పైగా ఎండ వేళ లోయల్లో గాలి దిగువ నుంచి ఎగువకు వీస్తుంది. గట్టు దిగి సరస్సు వైపు వెళ్ళే మనిషికి రెండూ ఎదురే.

గంటకు 25 వేగంతో వెళ్తుంటే 15 ఎదురుగాలి వచ్చిందనుకోండి. మీ ఒంటికి తగిలే గాలి 40 అవుతుంది, దాని ఒత్తిడి రెండున్నర రెట్లు పెరుగుతుంది. కాబట్టి వేగం నిలబెట్టాలని చూడొద్దు, శ్రమను మాత్రం ఒకేలా ఉంచండి. మోచేతులు వంచి కిందికి వంగండి. చివరి 30 కిలోమీటర్లకు ప్లానులో అరగంట అదనంగా పెట్టుకోండి. అన్నిటికన్నా మంచి మందు, తెల్లవారక ముందే బయల్దేరడం.

సమస్య: నాలుగో గంటలో ఒక్కసారిగా ఒంట్లో ఏమీ మిగల్లేదు

కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ (ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం) సుమారు 400, 500 గ్రాములే. ఆకలేసినప్పుడు తిందాంలే అనుకుంటే అప్పటికే ఆలస్యమైనట్టు. మొదటి గంట నుంచే గంటకు 60 గ్రాముల పిండిపదార్థాలు తీసుకోండి. మామూలు సైజు అరటిపండులో ఉండేది 25 గ్రాముల చిల్లర. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కలిపి అలవాటు చేసుకున్నవాళ్ళు 90 వరకు వెళ్ళొచ్చు, కానీ కడుపుకు ముందే శిక్షణ ఇవ్వాలి. తల తిరుగుతూ, వికారంగా ఉండి, వేళ్ళు ఉబ్బితే ఉప్పు లేని నీళ్ళు అతిగా తాగారేమో ఆలోచించండి. మాటలు తడబడుతుంటే రైడు అక్కడితో ఆపి వైద్య సహాయం పిలవాలి.

సమస్య: ట్యూబు మార్చినా మళ్ళీ పంక్చరు

రంధ్రం ఎక్కడ పడిందో చూడకుండా కొత్త ట్యూబు వేయొద్దు. పక్కపక్కనే రెండు రంధ్రాలుంటే గాలి తక్కువై, గుంతలో ట్యూబు నలిగింది. రిమ్ వైపు రంధ్రముంటే రిమ్ టేపు జరిగింది. టైరు వైపుంటే ముల్లో గాజుముక్కో ఇంకా టైరులోనే ఉంది, లోపలి నుంచి వేళ్ళతో మెల్లగా తడిమి తీసేయండి.

సమస్య: దిగుడులో చేతులు కొయ్యబారుతున్నాయి, బ్రేకు మీద నమ్మకం పోతోంది

1,000 మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. పైగా చెమట తడి, ఎదురుగాలి. గట్టు మీద ఆగగానే, వణుకు రాకముందే పల్చని జాకెట్టూ గ్లౌజులూ వేసుకోండి. బ్రేకును దిగుడంతా కొద్దికొద్దిగా నొక్కి పట్టుకోవద్దు, రిమ్మో డిస్కో వేడెక్కిపోతుంది. మలుపుకు ముందు గట్టిగా నొక్కి, మలుపులో వదిలేయండి.

సమస్య: ముందుకెళ్ళాలా, వెనక్కి తిరగాలా తేలడం లేదు

అలసిన మనిషి ఈ నిర్ణయం సరిగ్గా తీసుకోలేడు, అందుకే ఇంట్లో ఉండగానే తీసుకోవాలి. గట్టు పైకి చేరాక రెండు వైపులా దిగుడే, అక్కడ ఆలోచించి లాభం లేదు. నిర్ణయం గట్టు అడుగునే జరగాలి. సూర్యాస్తమయం నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. చివరి ఒడ్డు దారి, దిగుడు, ఎక్కుడు, ఒక పంక్చరుకి 20 నిమిషాలు తీసేస్తే మిగిలేదే ఎక్కుడు మొదలుపెట్టడానికి ఆఖరి సమయం. నేను దాన్ని చిన్న కాగితం మీద రాసి హ్యాండిల్‌బార్‌కి అంటించుకుంటాను. ఆ సమయం దాటాక గట్టు అడుగుకి చేరితే సైకిల్‌ను మొదటి సరస్సు వైపు తిప్పేస్తాను.