రెండు అణువులు ఎందుకు అతుక్కున్నాయో కనిపెట్టడం ఎలా?

ఒక ప్రోటీన్, దానికి అతుక్కున్న మందు అణువు బొమ్మ ముందు పెట్టి ఇక్కడ ఏ బలం పనిచేస్తోందని అడిగితే ఎక్కువమంది ఠక్కున హైడ్రోజన్ బంధం (ఒక హైడ్రోజన్ని మధ్యలో పెట్టుకుని రెండు పరమాణువులు ఆకర్షించుకోవడం) అనేస్తారు. ఉండొచ్చు, కానీ పట్టంతా దానిదేనని అప్పుడే తేల్చేయకండి.

ముందు ఆవేశాలు వెతకండి. రక్తంలో ఉండే పీహెచ్ 7.4 దగ్గర, ప్రోటీన్లని కట్టే అమైనో ఆమ్లాల్లో లైసిన్, ఆర్జినిన్ మీద ధనావేశం ఉంటుంది, ఆస్పార్టేట్, గ్లుటమేట్ మీద రుణావేశం. హిస్టిడిన్‌ని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు, చుట్టూ ఏముందో దాన్నిబట్టి ఆవేశంతోనూ ఉండొచ్చు, లేకుండానూ ఉండొచ్చు. వ్యతిరేక ఆవేశాలున్న నైట్రోజన్, ఆక్సిజన్ 4 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుంటే (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు) అది సాల్ట్ బ్రిడ్జ్, అంటే ఆవేశాల మధ్య ఆకర్షణతో ఏర్పడ్డ పట్టు.

తర్వాత హైడ్రోజన్ బంధాలు. ఎక్స్‌రే నిర్మాణాల్లో (ఎక్స్‌రేలతో తేల్చిన అణువుల బొమ్మల్లో) హైడ్రోజన్లు మామూలుగా కనపడవు కాబట్టి వాటికోసం వెతక్కుండా, హైడ్రోజన్‌ని ఇచ్చే పరమాణువుకీ అందుకునే పరమాణువుకీ మధ్య దూరం కొలవండి. 2.7 నుంచి 3.3 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉంటే నమ్మొచ్చు, కోణం కూడా దాదాపు తిన్నగా ఉంటే ఇంకా మంచిది. మిగిలినవి వాన్ డర్ వాల్స్ తాకిళ్లు, అంటే బాగా దగ్గరికొచ్చిన పరమాణువుల మధ్య చిన్న ఆకర్షణలు: ఒక్కొక్కటీ బలహీనమే, కానీ చాలా ఉంటాయి.

ఇక అసలు ప్రశ్న. ఈ రెండూ కలవకముందు నీళ్లతో ఏం చేస్తున్నాయి? హైడ్రోజన్ బంధం కట్టిన ఆ రెండు చివరలూ అంతకుముందు నీటి అణువులతో అదే బంధంలో ఉన్నాయి కదా, వాటిని వదులుకుని వీటిని కట్టుకున్నాయి, అందుకే నికరంగా మిగిలే లాభం చాలాసార్లు తక్కువే. అదే ఒక చివర లోపల జత లేకుండా ఇరుక్కుపోతే మాత్రం నష్టం గట్టిగా తగులుతుంది. నా లెక్కలో హైడ్రోజన్ బంధం ఎక్కువగా చేసేది ఎవరు ఎవరితో కలవాలో తేల్చడం. పట్టులో పెద్ద వాటా తరచుగా హైడ్రోఫోబిక్ (నీళ్లతో కలవని) భాగాలది. అవి ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుంటాయని కాదు, వాటి చుట్టూ కట్టుదిట్టంగా నిలబడ్డ నీళ్లు విడుదలై స్వేచ్ఛగా తిరుగుతాయి, అంటే ఎంట్రోపీ (చెల్లాచెదురుగా ఉండే వీలు) పెరుగుతుంది. ప్రోటీన్ మడతలకి ఇదే ముఖ్య కారణమని రసాయన శాస్త్రవేత్త వాల్టర్ కౌజ్‌మన్ 1959లోనే వాదించాడు.

సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు చూడండి. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో 6వ స్థానంలో గ్లుటమేట్ పోయి హైడ్రోఫోబిక్ అయిన వాలిన్ వచ్చింది, అంతే. ఆక్సిజన్ వదిలేసినప్పుడు ఆ వాలిన్ పక్క అణువులోని హైడ్రోఫోబిక్ గుంటలో ఇమిడి, హీమోగ్లోబిన్లు పోగులుగా పేరుకుపోతాయి. హైడ్రోజన్ బంధాల కోసం మాత్రమే వెతికేవాళ్లకి ఇది దొరకదు.

అనుమానం తీరకపోతే ఆ అణువులున్న ద్రావణంలో ఉప్పు పెంచి చూడండి. పట్టు సడలితే ఆవేశాల పాత్ర ఉన్నట్టు, సడలకపోగా బిగుసుకుంటే హైడ్రోఫోబిక్ వైపు మొగ్గొచ్చు. డీఎన్ఏ జంట పోగులు కూడా ఉప్పుతో బిగుస్తాయి, టెన్షన్ పడకండి, అక్కడ రుణావేశమున్న ఫాస్ఫేట్ల మధ్య వికర్షణని ఉప్పు తగ్గిస్తుంది.